నా పేరు నాకంటే ముందే ఓడెక్కింది

అండమాన్ వెళ్లొచ్చానని తెలియగానే మా ఊళ్లో ప్రతివాడూ అడిగింది ఒకటే. "జైలు చూశావా?" చూడలేదు. నీలం నీళ్లు చూశావా అని ఇంకొందరు. పుట్టింది మొదలు డెబ్బై నాలుగేళ్లుగా సముద్రం ముందే లేస్తున్నాను. దాని రంగు మారిందని టిక్కెట్టు కొనుక్కుని వెళ్లేంత పిచ్చి నాకు లేదు. నేను వెళ్లింది నేను చచ్చిపోయిన ఇల్లు చూడడానికి. చూశాను, ఆ ఇంట్లో అన్నం తిన్నాను, ఆగిపోయిన పెళ్లి గురించి నాలుగు ముక్కలు మాట్లాడి క్షేమంగా తిరిగొచ్చాను.

ఈ రాతలో మనుషుల పేర్లు, ఇంటిపేర్లు మార్చాను. నాది కూడా. ఎందుకు మార్చానో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

గడుల కాగితం

కిందటి ఆషాఢంలో మా ఊరికి మాధవి అనే పిల్ల వచ్చింది. పెద్ద చదువు. వలసపోయినవాళ్లు తమను తాము ఎక్కడివాళ్లమనుకుంటారన్నది ఆమె పరిశోధన. అండమాన్‌లో తెలుగువాళ్ల మధ్య ఏడాదిన్నర ఉండి, వాళ్ల తాతలు బయల్దేరిన రేవులు వెతుక్కుంటూ మా శ్రీకాకుళం ఒడ్డుకొచ్చింది. నా ముందు ఒక కాగితం పెట్టింది. దాని నిండా గడులు. "మీరు ఏ ఊరికి చెందినవారని భావిస్తారు?" దాని కింద నాలుగు గడులు, ఒక దాంట్లో టిక్కు పెట్టాలట.

నాకు ఒళ్లు మండింది. "అమ్మా, ముప్పై ఏళ్లు ఏటా ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీద బతికినవాణ్ని. ఎనిమిది నెలలు ఆ ఊరు, నాలుగు నెలలు ఈ ఊరు. నీ గడిలో నేను పట్టను. అడగాల్సింది నన్నా? నాకు కడుపునిండా తిండి పెట్టలేని ఈ ఒడ్డునడుగు, నేను దానివాణ్నో కాదో" అన్నాను. నేను బడికి పోయినవాణ్ని కాను. అక్షరాలు ఉప్పు పొట్లాల కాగితాల మీద నేర్చుకున్నవాణ్ని. కానీ చదువుకున్నవాళ్లు వేసే ప్రశ్నల్లో లోపం మాత్రం నాకు వెంటనే కనిపిస్తుంది, ఏం చేయను.

ఆ పిల్ల నొచ్చుకోలేదు. నవ్వి కాగితం మడిచేసి, "పోనీ తాతా, ఈ పేర్లలో మీకు తెలిసినవాళ్లున్నారా?" అని ఒక జాబితా చదివింది. మా రేవు నుంచి అండమాన్ వెళ్లినవాళ్ల పేర్లు. అయిదో పేరు దగ్గర నేను ఆపమన్నాను.

"తెప్పల దానయ్య. బ్రూక్షాబాద్. ఆరేళ్ల కిందట చనిపోయారు" అని మళ్లీ చదివింది.

"తెప్పల దానయ్యని నేనే తల్లీ" అన్నాను.

ఆమె ముఖం చూడాల్సింది. పెన్ను మూత కూడా పెట్టలేదు పాపం.

యాభై రెండేళ్ల క్రితం ఒక మేస్త్రీ మా ఊరొచ్చి, అండమాన్‌లో చేపల బోట్ల మీద పనికి మనుషులు కావాలని పేర్లు రాసుకున్నాడు. నా పేరు మా నాన్న రాయించాడు. నా స్నేహితుడు ఉమ్మిడి ఎల్లయ్య వచ్చేసరికి జాబితా నిండిపోయింది. లారీ వచ్చిన రోజు పొద్దున్నే నేను ఒడ్డున తిరగేసిన పడవ కింద దూరి దాక్కున్నాను. ఊళ్లో జ్వరమని చెప్పుకున్నాను గానీ అది భయం. ఇంతకాలానికి ఒప్పుకుంటున్నాను. మేస్త్రీ "తెప్పల దానయ్య!" అని మూడుసార్లు అరవడం పడవ కిందున్న నాకు వినిపించింది. మూడోసారి "ఇక్కడే ఉన్నానండి" అన్న గొంతు ఎల్లయ్యది. లారీ వెళ్లిపోయింది.

వాడి తల్లికి అక్షరం ముక్క రాదు. కొడుకు ఉత్తరం రాస్తే చదివిపెట్టాలని నేను చదువు నేర్చుకున్నాను. ఉత్తరం రాలేదు. ఆ ముసలమ్మ రోజూ పోస్టు బంట్రోతు సైకిలు చప్పుడు వింటూ వింటూ పోయింది. ఒక్క ఉత్తరం ముక్క రాయలేని కొడుకు కొడుకేనా అని నేను వాణ్ని యాభై ఏళ్లు తిట్టుకున్నాను. తిట్టిన ప్రతిసారీ, వాణ్ని ఆ లారీ ఎక్కించింది ఎవడురా అని లోపల ఇంకో గొంతు అడిగేది.

ఇదంతా విని మాధవి ఇంకో మాట చెప్పింది. ఆ "దానయ్య" మనవరాలు జ్యోతికి పెళ్లి కుదిరి ఆగిపోయింది. పెళ్లికొడుకుదీ తెప్పల ఇంటిపేరే. వాళ్లు మా ఊరివాళ్లు కాదు, ఎక్కడో దక్షిణపు రేవువాళ్లు. అయినా మాలో ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్లే లెక్క. ఏడు సముద్రాల అవతలున్నా లెక్కే.

"ఆ పిల్ల తెప్పలది కాదు, ఉమ్మిడిది" అన్నాను. "ఈ మాట చెప్పడానికి బతికున్నవాణ్ని నేనొక్కణ్నే."

ఓడ మీద

తిట్లు తినడానికి సిద్ధపడే ఓడెక్కాను. కానీ మొదటి రోజే వాంతులు. తెప్ప మీద పుట్టి పెరిగినవాడికి ఓడ పడకపోవడం ఎంత నామర్దా! తెప్ప నీళ్లతోపాటు లేస్తుంది, పడుతుంది. ఓడ అలా కాదు, పెద్ద ఆఫీసరులాగా ఆలోచించి ఆలోచించి ఒక పక్కకి వంగుతుంది. పొట్టకి అది నచ్చలేదు.

పక్క బంకులో ఒక బెంగాలీ ముసలాయన, అండమాన్‌లోనే రంగత్ అనే చోట వరి పండిస్తాడట. నిమ్మకాయ కోసి ఉప్పద్ది నా చేతిలో పెట్టాడు. గుజరాత్‌లో నేర్చిన హిందీ నాకు పనికొచ్చింది. "ఘర్ కహా దాదా?" అని అడిగాను. "రంగత్" అన్నాడు. అంతకుముందు? "నాన్న వేరే దేశం నుంచి వచ్చాడు." ఆ దేశంలో ఏ ఊరు? ఆయన నిమ్మతొక్క నములుతూ, "ఊరు పేరు నాన్నకి తెలుసు. దారి నాన్నకి తెలుసు. నాకు నా పొలం గట్లు తెలుసు. మీకు ఇంకేం కావాలి?" అన్నాడు. నేను మాధవి కాగితాన్ని తిట్టినట్టే ఈయన నన్ను తిట్టాడని నాకు కాసేపటికి అర్థమైంది. నిమ్మకాయ ఇంకోటి అడిగి తీసుకున్నాను.

ఓడలో భోజనం గురించి చెప్పను. నూటయాభై తీసుకుని పప్పని ఒకటి పోస్తారు. కంచంలో పువ్వులుంటే ఆ పప్పులోంచి చక్కగా కనిపిస్తాయి.

హడ్డో జెట్టీ

దిగేటప్పుడు నా ఎడమకాలి చెప్పు ఓడకీ గట్టుకీ మధ్య నీళ్లలో పడిపోయింది. రెండోది నేనే విసిరేశాను, ఒంటి చెప్పు ఏం చేసుకోను. అలా యాభై రెండేళ్లు ఆలస్యంగా, ఒట్టికాళ్లతో అండమాన్ నేల తొక్కాను.

ఈ ఊరికి ఇప్పుడు కొత్త పేరు పెట్టారు. బోర్డుల మీద అదే ఉంది. ఆటోవాడు, టీ కొట్టువాడు, కూరలమ్మే ఆవిడ మాత్రం పోర్ట్‌బ్లెయిర్ అనే అంటున్నారు. నాకు పేచీ లేదు. పేరు ఒకటి, పిలుపు ఒకటిగా ఒక మనిషి నలభై ఆరేళ్లు బతికాడు, ఊరు బతకలేదా?

నాకంటే ముందే అక్కడికి చేరిన మాధవితోపాటు జ్యోతి వచ్చింది. ఇరవయ్యారేళ్లది, ఆసుపత్రి ల్యాబులో పని. వాళ్ల తాత స్నేహితుడు వస్తున్నాడని తప్ప మాధవి ఆమెకు ఏమీ చెప్పలేదు. నా అనుమతి లేకుండా చెప్పకూడదట, అది వాళ్ల చదువు నియమం. ఆ నియమం నాకు నచ్చింది.

"అరే, చప్పల్ ఏదీ తాతా?" అంది జ్యోతి నా కాళ్లు చూసి.

"సముద్రానికి ఇచ్చాను."

"మా తాత కూడా ఇలాగే బోల్తా ఉండేవాడు" అని నవ్వింది. బోల్తా అంటే పడవ బోల్తా కాదు, హిందీలో మాట్లాడడం. దారిలో ఆటో ఆపి నూటఎనభై పెట్టి చెప్పులు కొంది. నాకు కొనివ్వడానికి నువ్వెవరని అనబోయి ఊరుకున్నాను. కాగితాల లెక్కన నా మనవరాలే కదా.

బ్రూక్షాబాద్

పోర్ట్‌బ్లెయిర్ శివారులో ఎల్లయ్య ఇల్లు. రేకుల కప్పు, చెక్క గోడలు, ఇంటి చుట్టూ పోకచెట్లు. మా ఊళ్లో కొబ్బరికాయకి బేరమాడతాం. ఇక్కడ కొబ్బరికాయలు దారిలో పడుంటే కాలితో పక్కకి తోస్తున్నారు. టమాటాలు మాత్రం కిలో నూటఇరవై, ఓడలో రావాలిగా మరి. సాయంత్రం అయిదున్నరకే దీపాలు పెట్టేస్తారు. గడియారం మనదే గానీ సూర్యుడు మనవాడు కాదు.

గుమ్మం ఎదురుగా గోడకి ఫోటో, దానికి ప్లాస్టిక్ పువ్వుల దండ. ముఖం ఎల్లయ్యది. ముసలి ఎల్లయ్యని నేను అంతకుముందు చూడలేదు గానీ పై పెదవి మీద పడవ కొక్కెం గీసిన గాటు అలాగే ఉంది. ఫోటో కింద తెలుగులో పెద్ద అక్షరాలతో నా పేరు. తెప్పల దానయ్య.

తన పేరుకి తానే దండం పెట్టినవాడు లోకంలో ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. నేను పెట్టాను.

వెనక తలుపు దగ్గర ఎల్లయ్య భార్య అప్పలకొండ నిలబడి ఉంది. నన్ను చూసి కొంగు తలమీదికి లాక్కుని, జ్యోతిని నీళ్లకి పంపించింది.

"కూకోండి బావగారూ. మీరెవలో నాకు తెలుసు. పేరు పెట్టి పిలవనేను. అది మా ఆయన పేరు కదా, నోటితో అనకూడదు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నీకు చెప్పాడన్నమాట."

"పెళ్లైన ఏడాదే సెప్పినాడు. నాకే సెప్పినాడు. కొడుక్కీ సెప్పనేదు. పోయేముందు కూడా మీ మాటే. ‘ఆడి బతుకు నేను దొంగిలించీసినాను కొండా. ఆడికి రావాల్సిన ఇల్లు, ఆడికి రావాల్సిన జాగా. ఆడక్కడ ఏటైపోనాడో’ అని."

వాణ్ని నేను పంపేశానని నేను కుమిలాను. నన్ను దోచుకున్నానని వాడు కుమిలాడు. ఇద్దరం కలిసి ఒక్కసారి కల్లు తాగి ఉంటే అరగంటలో తేలిపోయే విషయం.

"మరి ఉత్తరం ఒక్కటైనా రాయలేదే?" కోపం ఇంకా కొంచెం మిగిలే ఉంది నాలో. "వాళ్లమ్మ ఎదురుచూసి ఎదురుచూసి పోయింది."

"ఏ పేరుతోటి రాస్తాడు? సొంత పేరుతో రాస్తే ఇక్కడెవలైనా సూసీసి పట్టించీస్తారని బయం. మీ పేరుతో రాస్తే, అది కొడుకు ఉత్తరమని ఆయమ్మకెలా తెలస్తాది?"

యాభై ఏళ్ల కోపం అలా ఒక్క మాటకి ఖాళీ అయిపోయింది. తర్వాత చాలాసేపు, చేతిలో ఏదో ఉండాల్సింది లేనట్టు ఉండింది నాకు.

జ్యోతి నీళ్లు తెచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చుంది. "తాతా, మీరు సచ్ చెప్పండి. నేనూ కిరణూ భాయ్ బెహన్ అంట. వాళ్ల దాదీ అంటాది. కాలేజీకి మూడేళ్లు ఒకే బస్సులో పోయినాం, అప్పుడు ఎవరూ బోల్లేదు. ఇప్పుడు డేట్ పెట్టుకున్నాక ఇంటిపేరు యాద్ ఆయా వాళ్లకి."

నేను అప్పలకొండ వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

తర్వాత విడిగా చెప్పింది. ఇక్కడ ఐలాండర్ కార్డు అని ఒకటుంటుంది, ఈ దీవులవాళ్లమని రుజువు. వీళ్ల కార్డులన్నీ తాత పేరు మీద నడిచాయి. జ్యోతి ప్రభుత్వ ఉద్యోగానికి పెట్టుకుంది, ఆ కార్డే ఆధారం. కొడుకు ఓడ పనివాడు, కార్ నికోబార్ వెళ్లే ఓడ మీద ఉన్నాడు. "పేరు దొంగ పేరని బయటపడితే కార్డు ఊడిపోద్ది. పెళ్లి ఆగిపోతే పిల్ల ఏడుస్తాది. ఏది ఆపనూ బావగారూ? రెండు నెలలై నాకు ముద్ద దిగడం నేదు."

నిజం చెప్పేస్తే సరిపోతుందనుకుని ఓడెక్కిన నా తెలివి అక్కడ నాకే వెక్కిరింతగా కనిపించింది. నోరు విప్పితే కార్డు, విప్పకపోతే పెళ్లి.

చేపల బజారు

మర్నాడు పొద్దున్నే జ్యోతితో బజారుకి వెళ్లాను. ఊరికే కూర్చుంటే బుర్ర పనిచేయదు నాకు. కోనెం చేప ముక్కలు మా ఊరికంటే చవక. ఒక మూల టేకు చేప పరిచి ఉంది. పళ్లెంలా చదునుగా ఉండి, తోకలో ముల్లుండే చేప. మా తెప్పలవాళ్లకు అదంటే ప్రాణం. బాలింతలకు కూడా దాని పులుసే పెడతాం.

"ఒకటి తీసుకుందాం పిల్లా" అన్నాను.

జ్యోతి రెండడుగులు వెనక్కి వేసింది. "అది మా ఇంట్లో తేరు తాతా. తాత గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. ఒకసారి పాపా తెస్తే గిన్నెతోసహా బయట పారేసినాడు."

"ఎందుకట?"

"క్యా మాలూమ్. మన ఇంటికి పడదు, బస్, అనేవాడు. మేమెవరం ఎప్పుడూ తినలేదు."

నేను బజారు మధ్యలో నిలబడిపోయాను. చేపలమ్మే మనిషి "ఆగే బఢో బాబా" అని, ముందుకి నడవమని కసిరింది. ఉమ్మిడివాళ్లు టేకుని ముట్టరు. మా ఒడ్డున ఈ చివర నుంచి ఆ చివర దాకా పెద్దవాళ్లెవరినడిగినా చెబుతారు. పేరు మార్చుకున్నాడు, ఊరు మార్చుకున్నాడు, అమ్మకి ఉత్తరం కూడా మానుకున్నాడు. ఈ ఒక్కటీ మానలేదు నా ఎల్లయ్య. కారణం చెబితే గుట్టు బయటపడుతుందని కారణం చెప్పకుండానే పిల్లలకి అంటించిపోయాడు.

మాధవికి ఈ మాట చెబితే ఆమె గడుల కాగితాలన్నీ తిరగేసి, "ఏం తింటారని అడిగాను తాతా. ఏం తినరని అడగలేదు" అంది. ఆ పిల్లకి తప్పు ఒప్పుకోవడం వచ్చు. పైకొస్తుంది.

డాలీగంజ్

పెళ్లికొడుకు కిరణ్ వాళ్లిల్లు డాలీగంజ్‌లో. వాళ్లకి రెండు డోంగీలున్నాయి. ఇంజను పెట్టిన చిన్న పడవల్ని ఇక్కడ అలాగే అంటారు. ఇంటికి పెద్ద కిరణ్ నాయనమ్మ సన్యాసమ్మ. ఆమె మాటే మాట. అప్పలకొండ, జ్యోతి, మాధవి, నేను ఆదివారం వెళ్లాం.

వెళ్లే ముందు అప్పలకొండకి ఒకటే చెప్పాను. "కాగితం జోలికి పోను. ముందు నోళ్లకి తాళం వేయించి, తర్వాత నోరు విప్పుతాను. అయినా వద్దంటే చెప్పు, ఇక్కణ్నుంచే వెనక్కి వెళ్లిపోతాను." ఆమె చాలాసేపు చెప్పులు వేసుకోకుండా గుమ్మంలో నిలబడింది. చివరికి, "కార్డు పోతే ఇంకోలా బతుకుతాది. ఏడుపుతోటి ఎలా బతుకుతాది? పదండి" అంది.

సన్యాసమ్మ మమ్మల్ని చూడగానే మొదలుపెట్టింది. "మళ్లీ వొచ్చినారేటి? ఒకే ఇంటిపేరుకి పెళ్లి సేస్తే గంగమ్మ తల్లి ఊరుకుంటాదా? మా వలలో రేపు సేప పడతాదా? ఈ ముసిలోడెవడు, వకీలా?"

"వకీలుకి ఫీజివ్వాలి. నేను ఉత్తినే వాదిస్తాను" అన్నాను. "ముందు గుప్పెడు ఉప్పు తెప్పించమ్మా."

ఆమె ముఖం మారింది. మా ఒడ్డువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. చేతిలో ఉప్పు పోసుకుని విన్న మాట గడప దాటితే, దాటించినవాడి ఇంట్లో ఉప్పు నిలవదంటారు. స్టాంపు కాగితానికి లేని భయం దానికుంది. సన్యాసమ్మ తనే లేచి వెళ్లి రాళ్లుప్పు తెచ్చి అందరి చేతుల్లో పోసింది. కిరణ్ చేతిలో, జ్యోతి చేతిలో, నా చేతిలో. మాధవి దగ్గర ఆగింది.

"ఈ మేడమ్ రాసుకునే మనిషి కదా?"

మాధవి నోటుబుక్కు సంచిలో పెట్టేసి రెండు చేతులూ చాపింది. "పొయ్యండి అమ్మా."

అప్పుడు చెప్పాను. జాబితా, లారీ, పడవ కింద నేను, మూడో పిలుపుకి పలికిన ఎల్లయ్య. దేన్నీ దాచలేదు, నా భయంతోసహా. జ్యోతి నోరు తెరుచుకుని వింది. "మతలబ్, మా తాత పేరు మీదా?" అని ఒకసారి, "మీ పేరు మా తాతదా?" అని ఇంకోసారి అడిగింది.

సన్యాసమ్మ మాత్రం కదల్లేదు. "కత బాగుంది. సాచ్చికం ఏదీ? పెళ్లి కుదుర్చుకోడానికి ఓడలోంచి ఎవుణ్నో దింపీసి నా పేరు దానయ్య అనిపిస్తే నమ్మీడానికి నేను నిన్న పుట్టినానేటి?"

"అమ్మా, మనవాళ్లలో టేకు ముట్టని ఇల్లేది?"

"ఉమ్మిడోళ్లు. అది పిల్లలకీ తెలుసు. మా అమ్మమ్మ ఉమ్మిడోరి ఆడపిల్ల. తెప్ప మునిగిపోతే ఆళ్ల ముత్తాతని టేకు తన ఈపు మీద మోసుకొచ్చి ఒడ్డున పడీసిందంట. అందుకని ఆళ్లు..." అంటూనే ఆగిపోయింది. చేతిలోని ఉప్పు వైపు చూసి, జ్యోతి వైపు చూసింది. "ఏటే గుంటా, పెళ్లి మాటలకి మా ఇంటికొచ్చినప్పుడు నేను టేకు పులుసు వొండి పెడితే ముట్టకుండా లేచిపోనావు. మా వంట పనికిరాలేదని నేను నెల్లాళ్లు మండిపోనాను. గుర్తుందా?"

"మా ఇంట్లో పడదు దాదీ. నేను అప్పుడే బోలా కదా."

"మీ నాయన?"

"పాపా కూడా ముట్టడు."

"మీ తాత?"

"తాత అయితే గిన్నె పారేసేవాడు."

సన్యాసమ్మ లేచి జ్యోతి గడ్డం పట్టుకుని ముఖం వెలుగులోకి తిప్పి చూసింది, ఏదో పోలిక వెతుకుతున్నట్టు. "ఎంత పనైంది! మా అమ్మమ్మ పుట్టింటి గుంటవే నువ్వు. ఇన్నాళ్లూ మా ఇంటిపేరు కప్పుకుని తిరుగుతున్నావు" అంది. తర్వాత అప్పలకొండ వైపు తిరిగి, "ఒదినా, ముందే నా చెవిలో ఎయ్యొచ్చు కదా!" అని కసిరింది.

"కార్డు..." అంది అప్పలకొండ. ఇంకేమీ అనలేకపోయింది.

"కాగితం సర్కారుది, అదలాగే ఉంటాది. ఇంటిపేరు గంగమ్మ తల్లిది. తల్లికి తెలిస్తే సాలు. ఆపీసోళ్లకి మనమెందుకు సెప్పాల?" సన్యాసమ్మ కిటికీ దగ్గరికెళ్లి తన చేతిలో ఉప్పు బయట పారబోసి చేతులు దులుపుకుంది. "లగ్గం అదే రోజు. శుభలేకలో ఆడపెళ్లివారి ఇంటిపేరు ఎయ్యొద్దు. బ్రూక్షాబాద్ వారి అమ్మాయని ఎయ్యండి. తప్పేటి? ఆ ఊరిదేగా."

అంతసేపూ గోడకానుకుని నిలబడ్డ కిరణ్ అప్పుడు నోరు విప్పాడు. "దాదీ, శాదీ కార్డు తెలుగులోనే కొట్టిస్తే మా దోస్తులు చదవలేరు. హిందీలో కూడా వెయ్యాలి."

"నువ్వు చదవగలవా?" అన్నాను.

"నేనూ చదవలేను తాతా" అని నాలిక కరుచుకున్నాడు. అందరూ నవ్వారు. అప్పలకొండ మాత్రం ఆకలేస్తోందంది. ఆ మాట ఆమె నోట రెండు నెలల్లో అదే మొదటిసారట.

ఆ మధ్యాహ్నం అక్కడే భోజనం. సన్యాసమ్మ నాకు మాత్రం టేకు పులుసు విడిగా వండించి, వెనక వసారాలో కూర్చోబెట్టి పెట్టింది. "అసలు దానయ్యవి నువ్వేగా, తిను" అంది. మా ఆవిడ పోయాక అంత మంచి పులుసు నేను తినలేదు.

తిరుగు ప్రయాణం

ఓడెక్కే రోజున అప్పలకొండ ఫోటో కింద పేరు సంగతి ఎత్తింది. "కొడుకు ఓడ దిగినాక అన్నీ నేనే సెప్పీస్తాను. ఆ పేరు చెరిపీమంటారా బావగారూ? మీరు బతికుండగా మీ పేరుకి దండేసి ఉంచడం పాపం."

నేను ఆలోచించాను. ఆ పేరుతో నేనేం చేశాను? ఒకసారి పిలిస్తే పడవ కింద దాక్కున్నాను. వాడు మూడో పిలుపుకి పలికాడు. ఆ పేరు మీద ఇల్లు కట్టాడు, పిల్లల్ని పెంచాడు, ఎవరిచేతా ఒక్క మాట అనిపించుకోకుండా దాన్ని గోడకెక్కించాడు.

"ఉండనీ. నాకంటే వాడే దాన్ని బాగా చూసుకున్నాడు" అన్నాను.

జెట్టీ దగ్గర మాధవి ఆ గడుల కాగితం మళ్లీ తీసింది. ఈసారి నేను విసుక్కోలేదు. ఏ ఊరికి చెందినవారన్న ప్రశ్న తనే కొట్టేసి పక్కన ఖాళీ వదిలింది, మీకు తోచింది రాయమంది. "పిలిస్తే పలికిన ఊరు" అని రాసిచ్చాను. అక్షరాలు వంకరగా వచ్చాయి, గాలి.

"మనుషుల అసలు పేర్లు మేం రాయం తాతా, ఉప్పు సంగతి లేకపోయినా రాయం. అందరికీ వేరే పేర్లు పెడతాం. మీకు ఏ పేరు పెట్టమంటారు?"

ఓడ కూత పెట్టింది. నా కొత్త చెప్పులు రెండూ కాళ్లకి ఉన్నాయో లేదో చూసుకుని, నిచ్చెన మీద కాలు పెట్టాను.

"ఉమ్మిడి ఎల్లయ్య అని పెట్టు" అన్నాను. "ఇప్పుడు నా వంతు."